తలకాడ సంగవ్వ

సోమవారం పొద్దున సంగవ్వ పశువుల దవాఖాన గేటు తాళం తీసేసరికి మారోతి అప్పటికే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నల్ల గొంగడి చుట్టిన మూట. మూటలోంచి రెండు చెవులు, ఒక మూతి బయటికి కనిపిస్తున్నాయి.

"కుక్కల డాక్టర్ ఈడనేనా అక్కా? బిలోలి అవుతల, మంజీర ఒడ్డుకెల్లి అచ్చిన. బస్సుల ఎక్కనియ్యలే. పత్తి లారీల కూసోని అచ్చిన."

"ఈడనే. సాబ్ తొమ్మిదింటికి అస్తడు. లోపట కూసో తమ్మీ, సలి వెడ్తుంది."

ఆమె చీపురు పక్కన పెట్టి అతని ముందు గొంతుకు కూర్చుంది. చెయ్యి వెంటనే తల మీద వెయ్యలేదు. వేళ్లు ముడిచి మూతి కింద పెట్టి, కుక్క వాసన చూసేదాకా ఆగింది. అది రెండుసార్లు ముక్కు ఎగబీల్చి ఊరుకుంది. అప్పుడు గొంగడి అంచు ఎత్తి చూసింది. బూడిద రంగు ఆడకుక్క. ముందు కాళ్లు గట్టిగా ఉన్నాయి. వెనక కాళ్లు వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు వేలాడుతున్నాయి.

"పేరేంది?"

"బిజ్లీ. శుక్రవారం రోడ్డు మోరీ కాడ గొర్రెల మంద దాటుతుంటే లారీ ఎన్కకు అచ్చింది. ఒక గొర్రెపిల్ల అడ్డం వడ్డది. దాన్ని నూకుటానికి ఇది ఉరికింది. పిల్ల బతికింది. దీని నడుం పోయింది." మారోతి గొంగడి అంచు సర్దాడు.

దవాఖాన వెనక రేకుల కప్పు గదిని అందరూ కుక్కల ఖోలీ అంటారు. ఊరు తెలుగు సరిహద్దుకు ఆవల, మరాఠీ గడ్డ మీద ఉంది కాబట్టి తలుపు పైన బోర్డు మీద మరాఠీలో పొడుగాటి పేరు ఉంది. నడుము దెబ్బతిన్న కుక్కల నరాల మీద మూడేళ్ల పరిశోధన అని దాని అర్థం. సంగవ్వకు బోర్డు చదవడం రాదు. లోపల ఏముందో మాత్రం ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. గోడవారన చెక్క పలక మీద తీగెలతో కట్టి నిలబెట్టిన కుక్క ఎముకల గూడు ఉంది. రోజూ తడిగుడ్డతో దాన్ని తుడిచేది ఆమే. మెడకు ఏడు పూసలు, పక్కటెముకలు మోసేవి పదమూడు, నడుముకు ఏడు, తోక మొదట్లో అతుక్కుపోయినవి మూడు. ఎవరూ నేర్పలేదు. తుడుస్తూ తుడుస్తూ వేళ్లకే లెక్క వచ్చింది. అల్మారాలో పదకొండు గాజు సీసాలున్నాయి. ఘాటైన మందునీళ్లలో తెల్లని తాళ్లలా వెన్నుపాములు. అటువైపు ఆమె ఎక్కువ చూడదు.

డాక్టర్ నాగనాథ్ మోటార్ సైకిల్ దిగి నేరుగా ఖోలీలోకే వచ్చాడు. దెగ్లూర్ రైతుల ఇంటి బిడ్డ, ముప్పై నిండలేదు. దవాఖానలో మరాఠీ, పుస్తకంలో ఇంగ్లీషు, తెలుగు వచ్చినవాళ్లతో మాత్రం ఇంట్లో తల్లితో మాట్లాడే తెలుగే మాట్లాడతాడు. బిజ్లీని బల్ల మీద పక్కకు పడుకోబెట్టారు. సంగవ్వ ఎప్పటిలాగే తల దగ్గర స్టూలు మీద, దాని దవడ పట్టుకుని కూర్చుంది. ఎడమ చెయ్యి గదవ కింద, కుడి చెయ్యి చెవుల వెనక. కంపౌండర్ శంకర్రావు రిజిస్టరు తెరిచి పెన్ను విదిలించాడు.

డాక్టరు రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద చిన్నగా కొట్టాడు. కాలు ఎగిరి తన్నింది. రెండో కాలూ తన్నింది. "బాగా ఉంది, రెండు పక్కలా" అని రాయించాడు. తర్వాత తుంటి దగ్గర మొదలుపెట్టి మెడ వైపుకి, వేలెడు వేలెడు దూరంలో తోలు గిల్లుతూ వచ్చాడు. ఈగ వాలినప్పుడు ఎద్దు తోలు అదిరించినట్టు గిల్లిన ప్రతిసారీ వీపు అదరాలి. నడుము మీద ఎక్కడా అదరలేదు. ఆఖరి పక్కటెముక దాటాక మాత్రం ఒక్కసారిగా అలలా అదిరింది. డాక్టరు అక్కడ నీలిసిరాతో గీత పెట్టాడు.

"దెబ్బ ఈడ తాకింది," అన్నాడు.

చివరికి పటకారు లాంటి చిమ్టా తీసుకుని వెనక కాలి వేలిని, ఎముకకు తగిలేలా నొక్కాడు. కాలు చటుక్కున ముడుచుకుంది.

తలుపు దగ్గర నిలబడిన మారోతి ముఖం వెలిగింది. "గుంజుకున్నది సాబ్! గుంజుకున్నది!"

"గుంజుకునుడు వేరే, మారోతీ." డాక్టరు చిమ్టా కింద పెట్టి అతని వైపు తిరిగాడు. "కాలుకు, ఎన్నుపాముకు నడుమ ఒక ముచ్చట నడుస్తది. కాలు 'కాల్తుంది' అంటది, ఎన్నుపాము 'గుంజుకో' అంటది. గంతే. ఆ ఖబర్ తలకాయ దాకా పోవాలని లేదు. పోతే కుక్క మొత్తుకుంటది, తిరిగి చూస్తది, కరువనీకి అస్తది. చూడు, ఇదేం చెయ్యలే."

బిజ్లీ గోడ వైపు చూస్తూ పడుకుని ఉంది.

"అయిదు దినాలు చూస్తం," అన్నాడు డాక్టరు. "నొప్పి తెలుస్తున్నట్టు కనవడితే మందు చేస్తం. లేకుంటే దాన్ని సతాయించుడు మంచిది గాదు. ఒక్క సూది. నిద్ర పోయినట్టు పోతది. మల్ల దాని ఎన్నుపాము మేం చదువుకుంటం. ఇంకో కుక్కకు పనికస్తది."

మారోతి చాలాసేపు బిజ్లీ వైపే చూశాడు. తర్వాత శంకర్రావు చాచిన ఒప్పుకోలు కాగితం మీద బొటనవేలు ఒత్తాడు. "శనివారం అస్త సాబ్. మందను ఇడిసి అచ్చిన," అని వెనక్కి తిరగకుండా నడిచాడు. అతని చెప్పుల చప్పుడు గేటు దాటేదాకా బిజ్లీ చెవులు అటే తిరిగి ఉన్నాయి.

ఆ రెండు రోజులు సంగవ్వ చేతులకు ఊపిరాడలేదు. నడుము పడిపోయిన కుక్కను మూడు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే తుంటి మీద పుండు పడుతుంది. పొట్ట కింద మెల్లగా ఒత్తి మూత్రం పోయించాలి. ఒత్తిడి ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. తడిసిన గోనె తీసి ఆరిన గోనె వెయ్యాలి. జొన్నరొట్టె ముక్కలు పాలలో మెత్తగా పిసికి పెడితే బిజ్లీ మొదట ఆమె వేళ్లు నాకి, తర్వాతే గిన్నెలో మూతి పెట్టేది. సంగవ్వకు ఈ పని ఇష్టం. ఎండలో కలుపు తీసిన నడుముకు ఈ గది నీడ ఒక సుఖం. పైగా ఇక్కడ తాను చేసిన పని సాయంత్రానికి కంటికి కనిపిస్తుంది: పొడిగా ఉన్న గోనె, పుండు లేని తుంటి, ఖాళీ అయిన గిన్నె.

బుధవారం మూడో రోజు పరీక్ష. మళ్లీ అదే వరస: సుత్తి, గిల్లుడు, చిమ్టా. డాక్టరు ఎడమ కాలి వేలు నొక్కాడు. కాలు ముడుచుకుంది. సంగవ్వ అరచేతిలో ఉన్న గదవలో ఏ మార్పూ లేదు. కుడి కాలి వేలు నొక్కాడు. అదీ ముడుచుకుంది. కానీ అప్పుడు బిజ్లీ ఊపిరి మధ్యలో ఆగింది. చెవుల మొదళ్లు సంగవ్వ వేళ్ల కింద వెంట్రుకవాసి వెనక్కి జరిగాయి. గొంతు ఒకసారి కిందికి దిగి పైకి లేచింది. నోట్లో ఏమీ లేదు, అయినా గుటక పడింది. మళ్లీ ఊపిరి సాగింది.

సంగవ్వ కదలకుండా కూర్చుంది. డాక్టరు ఇంకోసారి కుడికాలు నొక్కాడు. మళ్లీ అదే.

"సాబ్," అంది. "దీనికి తెలిసింది."

డాక్టరు తలెత్తాడు. "మొత్తుకున్నదా?"

"లే."

"తలకాయ తిప్పిందా?"

"లే సాబ్. మింగింది."

"మింగిందా?"

"గుటక వేసింది. కుడి కాలు వట్టినప్పుడు."

శంకర్రావు పకపకా నవ్వాడు. "కుక్క గుటకేస్తే గూడ రిజిస్టర్ల రాయాల్నా? రేపు ఆవలిచ్చిందని, ఎల్లుండి తుమ్మిందని రాద్దాం. ఏమే సంగవ్వా, మొఖం చూసి రోగం చెప్పెటట్టయితే డాక్టర్ సాబ్ అన్నేండ్లు సదివిందెందుకు?"

డాక్టరు నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు: "సంగవ్వా, మూడు దినాలసంది దానికి బువ్వ వెడ్తున్నవు. అది బతకాలని నీకున్నది. నేను చిమ్టా వెట్టుడు నీ కండ్లకు కనవడ్తది. గందుకే అట్ల అనిపిస్తది. ఇది తప్పు గాదు. ఎవలకైనా అట్లనే అయితది, నాకు గూడ. గందుకే మొత్తుకునుడు, తిరిగి చూసుడు, ఈ రెండిటినే లెక్కకు తీసుకుంటం."

మాట కటువుగా లేదు. అందుకే దానికి ఎదురు చెప్పడం ఇంకా కష్టమైంది. శంకర్రావు చివరి గడిలో, నొప్పి తెలియలేదని, మూడక్షరాల చిన్న మాట రాశాడు. సంగవ్వకు అక్షరాలు రావు కానీ ఆ మాట ఆకారం తెలుసు. ఆ మాట పడిన కుక్కలన్నీ ఎక్కడికి చేరాయో కూడా తెలుసు.

సాయంత్రం జిన్నింగు ఫ్యాక్టరీ వెనక గుడిసెల వరసలో పొయ్యిలు రాజుకుంటున్న వేళకు ఆమె పెనిమిటి రామదాస్ పని నుంచి వచ్చాడు. ఒళ్లంతా దూది పీచు. అరచేతిలో సన్నని ఇనుప ముక్క దిగింది. సంగవ్వ గుడిసె ముందు, ఇంకా మిగిలి ఉన్న వెలుతురులో, అతని చెయ్యి మోకాలి మీద పెట్టుకుని సూదితో తీయడం మొదలుపెట్టింది. అతను ఫ్యాక్టరీ ముచ్చట్లు చెబుతున్నాడు. ధర్మాబాద్ నుంచి వచ్చిన కొత్త మేస్త్రీ తెలుగు మాట్లాడతాడట. పంచాయతీ పెట్టేటప్పుడు మాత్రం మరాఠీలోకి దిగుతాడట.

సూది కొంచెం లోతుకు పోయింది. రామదాస్ మాట ఆగలేదు, మాట మధ్యలో గొంతు మాత్రం ఒకసారి కదిలింది.

సంగవ్వ సూది పైకెత్తింది. "నొప్పి అయితుందా?"

"ఏడ? లేదు. తియ్ నువ్వు."

"అబద్ధం. మింగినవు."

"ఏం మింగిన?"

ఆమె మళ్లీ సూది పట్టింది. కలుపు తీసే వరసల్లో కాలికి ముల్లు దిగినా నడుము ఎత్తకుండా సాగిపోయే ఆడవాళ్లను ఆమె చిన్నప్పటి నుంచి చూస్తోంది. పక్క వరసలో ఉన్నావిడకు తప్ప ఎవరికీ తెలియదు. పక్కావిడకు ఎలా తెలుస్తుందంటే, గొంతు చూసే.

ఇనుప ముక్క గోరు మీదికి వచ్చింది. దాన్ని పొయ్యిలో వేసి, పసుపు అద్ది, రామదాస్ చెయ్యి ఇంకా వదలకుండా అడిగింది: "నేను చూసింది నిజమా, నేను అట్ల అనుకున్ననా అనేది ఎట్ల తెల్వాలె?"

"ఏం చూసినవ్?"

చెప్పింది. రామదాస్ దూది దులుపుకుంటూ విన్నాడు. "డాక్టర్ అన్నదాంట్ల గూడ న్యాయమున్నది," అన్నాడు. "ఆయన చెయ్యి నీకు కనవడ్తది గదా."

"గంతేనా? కనవడకుంటే అయిపోయె," అంది సంగవ్వ. అన్నాక తన మాట తనకే వినిపించి, రొట్టె చెయ్యడానికి లేచినదల్లా ఒక క్షణం అలాగే నిలబడిపోయింది.

గురువారం పొద్దున ఆమె తన ఎర్రగళ్ల చద్దరు చంకలో పెట్టుకుని వచ్చింది. డాక్టరు హెల్మెట్ తీస్తుండగానే ఎదురుపోయింది.

"సాబ్, ఒక్క మాట. నడుమ ఈ చద్దరు కట్టుండ్రి. మీరు ఎన్క దిక్కు, నేను తలకాయ దిక్కు. మీ చెయ్యి నాకు కనవడొద్దు. మీరు ఎప్పుడు నొక్కుతరో, ఎప్పుడు ఉత్తగ ముట్టుకుంటరో నాకు చెప్పొద్దు. అది మింగినప్పుడు నేను 'ఇప్పుడు' అంట. కంపౌండర్ సాబ్ రాసుకుంటడు. నాది ఉత్త అనుకునుడే అయితే ఆడనే తేలిపోతది."

డాక్టరు హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే ఆమెను చూశాడు. "గిది నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. మీరే అంటిరి గదా, చిమ్టా కనవడ్తదని."

అతను లోపలికి వెళ్లి బల్ల దగ్గర ఒక కాగితం తీసుకుని, తనకు మాత్రమే తెలిసేలా ఇరవై గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఏదో రాసుకున్నాడు. కిటికీ ఊచ నుంచి అల్మారా పిడికి తాడు కట్టి చద్దరు వేలాడదీశారు. ఇటు బిజ్లీ తల, సంగవ్వ. అటు కుక్క మిగతా ఒళ్లు, డాక్టరు, గడియారం పట్టుకున్న శంకర్రావు.

"మొదటిది," అన్నాడు డాక్టరు చద్దరు అవతలి నుంచి.

ఏమీ లేదు. బిజ్లీ కళ్లార్పింది.

"రెండోది."

ఒళ్లు కుదిపినట్టయింది, కాలు తన్నినట్టుంది. కానీ గొంతు కదలలేదు. సంగవ్వ పెదవులు బిగించింది. తొందరపడి అనాలని మనసు ఎంత లాగిందో ఆమెకే తెలుసు.

"మూడోది."

ఊపిరి ఆగింది. చెవుల మొదళ్లు. గొంతు.

"ఇప్పుడు," అంది.

తొమ్మిదోదానికి రోడ్డు మీద లారీ హారన్ మోగి బిజ్లీ చెవులు నిక్కాయి. సంగవ్వ నోరు తెరిచి, "కాదు కాదు, అది మోటరు," అని దిద్దుకుంది. పదమూడోదానికి మళ్లీ ఒళ్లు గట్టిగా కుదిపింది, గొంతు కదలలేదు, ఆమె అనలేదు. ఇరవై అయ్యేసరికి చలిలోనూ ఆమె మెడ వెనక చెమట పట్టింది.

చద్దరు తీశారు. శంకర్రావు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి లెక్క చూశాడు. అతని ముఖం విచ్చుకుంది. "సార్ గట్టిగ నొక్కింది పది సార్లు. సంగవ్వ 'ఇప్పుడు' అన్నది అయిదు సార్లు. పదిట్ల అయిదు! బిళ్ల ఎగరేసినా గంతే వడ్తది. అయిపాయె."

సంగవ్వ బిజ్లీ చెవులు సవరిస్తూ ఉండిపోయింది. ఎవరి మీదా కోపం రాలేదు. కళ్లకు కనిపించినట్టే చెప్పింది, కలిపి చెప్పలేదు.

డాక్టరు మాత్రం కాగితాలు ఇవ్వలేదు. కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూశాడు. వేలు ఒక గీత నుంచి ఇంకో గీతకు జరుపుతూ వచ్చాడు. తిరిగి మొదటి నుంచి చూశాడు.

"శంకర్రావ్," అన్నాడు మెల్లగా. "నేను అయిదుసార్లు కుడికాలు నొక్కిన, అయిదుసార్లు ఎడమకాలు. ఆమె అన్న అయిదు కుడికాలువే. ఒక్కటి తప్పలే. అననివి అయిదు ఎడమవి. ఉత్తగ ముట్టుకున్న పదిట్ల ఒక్కదానికి గూడ అనలే."

శంకర్రావు కాగితం లాక్కుని చూశాడు.

"ఎడమకాలు నొక్కినప్పుడు గూడ కాలు తన్నింది, కుక్క ఒళ్లంత ఊగింది," అన్నాడు డాక్టరు. "అది చూసి చెప్పెటట్టయితే ఆ అయిదు గూడ చెప్పాలె గదా. చెప్పలే." అతను బల్ల దగ్గరికి వచ్చి సంగవ్వ ఎదురుగా నిలబడ్డాడు. "కుడి దిక్కు తొవ్వ ఇంక తెగలే. ఎడమ దిక్కే తెగింది. నేను ఏ కాలు ఏందని నీకు చెప్పనే లేదు, సంగవ్వా."

"జరగు," అన్నాడు తర్వాత. ఆమెకు ముందు అర్థం కాలేదు. అతను చిమ్టా ఆమె చేతిలో పెట్టి, ఆమె లేచిన స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి గదవ కింద, కుడి చెయ్యి చెవుల వెనక. "కుడికాలు వట్టు. ఎముకకు తగలాలె."

సంగవ్వ జీవితంలో మొదటిసారి చిమ్టా పట్టింది. బిజ్లీని నొప్పించడం ఇష్టం లేక చెయ్యి ఒకసారి వెనక్కి వచ్చింది. తర్వాత, కావాల్సినంత మాత్రమే, ఒక్క క్షణం నొక్కి వదిలింది. డాక్టరు బిజ్లీ గొంతు వైపు వంగి చూస్తున్నాడు. తలెత్తకుండానే, "ఆ," అన్నాడు. గుటక అతని కంటికీ పడింది.

మధ్యాహ్నం ఆమె వెనక వరండాలో రొట్టె విప్పుకుంటుండగా అతను వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అతను అక్కడ కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. లేవబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"ఇంతకు ముందు పదకొండిట్ల," అన్నాడు నేల చూస్తూ, "ఎప్పుడన్న నీకు గిట్ల కనవడ్డదా?"

సంగవ్వ చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది. లేదనొచ్చు. అంటే అతనికి నిద్ర పడుతుంది, ఆమెకూ సులువు.

"ఒక్కదాంట్ల, సాబ్. ఎర్రది. ముంగటి కాళ్లు తెల్లగుండె. ఆనకాలంల అచ్చింది. అది మింగింది. నేను చూసిన. మీరు సదువుకున్నోల్లు, మీకు తెల్వకుంటదా అనుకున్న. నోరు తెరవలే."

"ఏడోది," అన్నాడు డాక్టరు. సీసాలున్న ఖోలీ వైపు చూశాడు.

"మీ ఒక్కలదే తప్పు గాదు సాబ్. తలకాడ నేను గూడ ఉన్న."

అతను లేచి నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాడు. లోపలికి వెళ్లి రిజిస్టరు, స్కేలు తెచ్చి మళ్లీ అదే మెట్టు మీద కూర్చున్నాడు. పేజీ అంచున ఉన్న ఖాళీలో పై నుంచి కింది దాకా ఒక గీత గీశాడు. కొత్త గడి ఏర్పడింది.

"దీని మీద ఏం రాయాలె?" అన్నాడు, తనలో తాను అన్నట్టు. "పుస్తకంల దీనికి పేరు లేదు."

"పేరేంది సాబ్? మింగింది అని రాయుండ్రి."

అతను నవ్వాడు. పొద్దుటి నుంచి అతను నవ్వడం అదే మొదలు. అతని బడి చదువంతా మరాఠీలో సాగింది; తెలుగు ఇంట్లో మాటే కానీ చేతికి రాదు. అందుకని ఇంగ్లీషు గళ్ల పక్కన మరాఠీ అక్షరాలతో ఆ తెలుగు మాటను రాశాడు. రాసి, చదివి వినిపించాడు. సంగవ్వ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, సరే అన్నట్టు తలూపింది.

శుక్రవారం కాలేజీ నుంచి పెద్ద సాయెబు వచ్చాడు. నాగనాథ్ పరిశోధన మీద అజమాయిషీ ఆయనదే. జుట్టు తెల్లబడిన మనిషి, నడకలో మాత్రం తొందర. ఆయనకు తెలుగు రాదు. వస్తూనే సీసాల వైపు, తర్వాత బిజ్లీ వైపు చూసి, "ఐదో రోజు కదా? ఇంకా సూది వెయ్యలేదేం?" అని మరాఠీలో అడిగాడు. శంకర్రావు రిజిస్టరు ముందు పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

ఆయన వేలు గళ్ల మీదుగా వచ్చి చివర ఆగింది. "మింగిందీ? మింగిందీ మ్హణజే కాయ్?" అంటే ఏమిటని అడిగాడు.

నాగనాథ్ ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. "చెబితే తెలియదు సార్, చూడాలి," అని మరాఠీలో అని, గుమ్మం వైపు తిరిగాడు. "సంగవ్వా, దా."

ఆమె గోనెలు ఆరేస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి స్టూలు మీద కూర్చుని, బిజ్లీ గదవ కింద చెయ్యి పెట్టింది. పెద్ద సాయెబు కళ్లద్దాలు సవరించుకుని బల్లకు అవతల, డాక్టర్లంతా నిలబడే చోటే, వెనక కాళ్ల దగ్గర నిలబడ్డాడు. నాగనాథ్ చిమ్టా తీసుకుని ఆగాడు. ముసలాయన అక్కడి నుంచి కదలడం లేదు. అతనికి చెప్పడానికి నోరు రావడం లేదు.

సంగవ్వ ఒకసారి ఇద్దరినీ చూసింది.

"సాయెబ్, ఇకడే యా," అంది మరాఠీలో. "తిథూన్ దిసత్ నాహీ." సాబ్, ఇటు రండి, అక్కడి నుంచి కనిపించదు అని.

పెద్ద సాయెబు కనుబొమలు పైకి లేచాయి. ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, బల్ల అంచు పట్టుకుని, మోకాళ్లు కటకటమంటుండగా సంగవ్వ పక్కన గొంతుకు కూర్చున్నాడు. సంగవ్వ వేలితో చెవుల మొదళ్లు చూపించింది, గొంతు చూపించింది.

ఎడమకాలు. ఏమీ లేదు. కుడికాలు.

ఆయన ముఖం ఇంకా దగ్గరికి తెచ్చాడు. "ఆణఖీ ఏకదా," అన్నాడు. ఇంకోసారి నొక్కించుకుని చూశాడు. మూడోసారి అడగబోయి, బిజ్లీ కళ్లలోకి చూసి మానుకున్నాడు.

లేచేటప్పుడు సంగవ్వ మోచెయ్యి ఆసరా ఇచ్చింది. ఆయన నిన్నటి ఇరవై గీతల కాగితం తెప్పించుకుని నిలబడే చదివాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆమె పేరు అడిగాడు, పూర్తి పేరు, ఊరి పేరు. శంకర్రావే దగ్గరుండి అక్షరాలు సరిగ్గా చెప్పాల్సి వచ్చింది. పోతూ పోతూ నాగనాథ్‌తో, "ఆ మాట మార్చకు. అలాగే ఉండనీ," అన్నాడు. సూది మాట ఎత్తలేదు.

శనివారం మారోతి వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. గొంగడి మడిచి భుజం మీద వేసుకున్నాడు. సంగవ్వ కనిపించగానే, "అయిపోయిందా అక్కా?" అన్నాడు.

"లోపటికి రా, తమ్మీ."

ఆ గొంతు వినగానే బిజ్లీ ముందు కాళ్ల మీద లేచింది. నడుము ఈడ్చుకుంటూ రెండు బారలు జరిగింది. కుడి వెనక కాలు ఒకసారి నేలను ఒత్తి జారిపోయింది. "దాన్ని ఇప్పుడే నమ్మొద్దు," అన్నాడు డాక్టరు, కానీ వంగి చూశాడు. తర్వాత మారోతిని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఆరు వారాలు ఇక్కడే ఉండాలి. నడవొచ్చు, కుంటుతుంది. మంద వెంట మునుపటిలా ఉరకలేకపోవచ్చు.

"ఉరకకుంటే ఏమాయె సాబ్. మంద కాడ కూసుంటది. దాని వాసన చాలు, తోడేలు రాదు." మారోతి బిజ్లీ మెడ రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"ఒక్కటి చెప్పు మారోతీ," అన్నాడు డాక్టరు. "గంత నొప్పికి గూడ ఇది మొత్తుకోదేంది? ఏ కుక్కైనా మొత్తుకుంటది."

మారోతి చేతులు ఆగాయి.

"నేనే నేర్పిన సాబ్," అన్నాడు. "మొరుగుడు వేరే, మొత్తుకునుడు వేరే. మంద కాడ కుక్క మొత్తుకున్నదంటే గొర్రెలు బెదిరి చెట్టుకొకటి, పుట్టకొకటి అయితయి. గందుకని పిల్లగున్నప్పుడే నోరు తెరిస్తే కొట్టిన. రెండుసార్లు కొట్టిన. మూడోసారి అక్కర రాలే."

మారోతి బిజ్లీ చెవి దగ్గరికి వంగాడు.

"ఈడ గొర్రెలు లేవు బిడ్డా," అన్నాడు. "ఏడువు."

బిజ్లీ అతని మీసం వాసన చూసి, చెంప నాకింది. చప్పుడు మాత్రం చెయ్యలేదు.

సంగవ్వ నవ్వింది. కళ్లు తడిశాయి, అయినా నవ్వింది. "ఇగ ఇప్పుడు అదేం నేరుస్తది తమ్మీ. తియ్, నేనున్న గదా, నేను చూసుకుంట," అంది. పక్క మార్చే వేళయింది. మారోతి గొంగడిని నేల మీద పరిచాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి, బిజ్లీని దాని మీదికి మెల్లగా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు.